భద్రాచలం ఏజెన్సీలో సూదిమందు

ఖమ్మం మెట్ట పొలాలు ముగిసి అడవి మొదలయ్యే ప్రాంతంలో సూదిమందుకు ఉన్నంత పరపతి మాత్రలకు ఎన్నడూ లేదు. జ్వరమొచ్చినా, నడుం పట్టేసినా, మిరపకాయ ఏరబోయి నీరసపడినా ఒక సూది వేయించుకుంటే పోతుందనే మాట కొత్తగూడెం బొగ్గుగని కాలనీల నుంచి చర్ల, దుమ్ముగూడెం గూడేల దాకా వినిపిస్తుంది. ఈ నమ్మకం అడవిలో పుట్టింది కాదు. సర్కారే తెచ్చింది, అదీ ఒక మంచి మందుతో. తర్వాత దాన్ని సొమ్ము చేసుకున్నవాళ్లు వేరు. పెన్సిలిన్‌తో మొదలై ఇవాళ ఆన్‌లైన్‌లో దొరికే పెప్టైడ్ పొడి సీసాల దాకా సాగిన ఈ డెబ్బై ఏళ్ల కథలో మందు గుణం ఎంత ముఖ్యమో, వేసినవాళ్లు తర్వాత ఏం జరిగిందో చూశారా లేదా అన్నదీ అంతే ముఖ్యం.

ముందుగా ఈ నేల సంగతి. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడివడింది. గోదావరికి ఉత్తరాన ఉన్న భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోవి. 2014లో పోలవరం ముంపు లెక్కన చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. కోయలు, కొండరెడ్లు ఇక్కడి పాత కాపురస్తులు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం అలజడికి తట్టుకోలేక గుత్తికోయ కుటుంబాలు వేలాదిగా ఇవతలికి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నాయి. ఇలాంటి చోట మందు వేయడం తేలిక. ఆరు నెలల తర్వాత అదే మనిషిని వెతికి పట్టుకుని ఎలా ఉన్నావని అడగడం కష్టం. ఈ చరిత్రలోని చిక్కులు చాలావరకు అక్కడే పుట్టాయి.

సూది రాకముందు గూడేల్లో వైద్యం వెజ్జులది, వడ్డెలది. వేరు నూరి తాగించడం, ఆకు పసరు పట్టించడం, వేల్పుకు మొక్కడం ఒకే పనిలో భాగాలు. ఆ పద్ధతికి లొంగని జబ్బులు రెండు: మలేరియా, యాజ్. ఈ రెండోది ఇప్పుడు వైద్య విద్యార్థులకు కూడా పేరుగానే తెలుసు. సిఫిలిస్ క్రిమికి దగ్గరి చుట్టమైన సూక్ష్మజీవి వల్ల వచ్చే చర్మవ్యాధి ఇది. లైంగిక సంబంధంతో పనిలేదు. ఆడుకునే పిల్లల ఒంటి నుంచి ఒంటికి, పుండు నుంచి గీరుకున్న చోటికి అంటుకుంటుంది. పట్టించుకోకపోతే ఏళ్ల తరబడి ఎముకలను, అరికాళ్లను తినేస్తుంది. వైద్య గ్రంథాలు దీనికి దేశంలో ఉన్న స్థానిక పేర్లు చెప్పేటప్పుడు ‘కోయ రోగం’, ‘గోండి రోగం’ అని రాశాయి. ఒక జాతి పేరును జబ్బుకు తగిలించడంలో మర్యాద లేదు గానీ, జబ్బు ఎవరి గుడిసెల్లో తిష్ట వేసిందో ఆ పేర్లే చెబుతాయి. గోదావరి లోయ, బస్తర్, కోరాపుట్ దాని పుట్టిళ్లు.

1950ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సాయంతో దేశంలో యాజ్ మీద దాడి మొదలైంది. ఆయుధం పెన్సిలిన్. చాలారోజుల పాటు ఒంట్లో నెమ్మదిగా కరిగే రకం మందును పిరుదులో ఒక్కసారి వేస్తే చాలు. నెలల తరబడి కారుతున్న పుండ్లు రోజుల్లో ఎండిపోయేవి. వెజ్జు చేతిలో మానని పుండు ఒక్క పోటుతో మానడం గూడెం గూడెమంతా కళ్లారా చూసింది. ఆఫ్రికాలోనూ, ఆగ్నేయాసియాలోనూ ఇదే జరిగింది. యాజ్ శిబిరాలు నడిచిన ప్రతిచోటా సూదిపై గురి పెరిగిందని వైద్య చరిత్రకారులు గమనించారు. మంత్రం కన్నా వేగంగా పనిచేసిన వస్తువును జనం నమ్మకపోతేనే ఆశ్చర్యం.

ఆ శిబిరాలు 1960ల నడుమ ఆగిపోయాయి. మారుమూలల్లో జబ్బు మిగిలిపోయింది. మళ్లీ 1996లో కోరాపుట్‌లో మొదలుపెట్టి పది రాష్ట్రాలకు విస్తరించిన నిర్మూలన కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ ఏడాది దేశంలో మూడున్నర వేలకు పైగా కేసులు. 2003లో చివరి కేసులు కనిపించాయి. 2006 సెప్టెంబరులో దేశం యాజ్ లేనిదని ప్రభుత్వం ప్రకటించింది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఈ గెలుపులో పెన్సిలిన్ వాటా సగమే. మిగతా సగం ఇల్లిల్లూ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలది. పుండున్న పిల్లకే కాక ఇంట్లోవాళ్లకూ సూది వేశారు. కేసులు సున్నా అయ్యాక కూడా ఏళ్ల తరబడి గూడేలకు వెళ్లి చూశారు, చిన్నపిల్లల రక్తం పరీక్షించారు. జనానికి గుర్తున్నది మాత్రం సూది ఒక్కటే. తిరిగి వచ్చి చూసిన మనుషులు ఆ జ్ఞాపకంలో లేరు.

ఆ గుర్తు మీదే ఆర్‌ఎంపీల వృత్తి నిలబడింది. వైద్యపట్టా లేకపోయినా, ఏ పెద్ద డాక్టరు దగ్గరో కాంపౌండరుగా చేరి పని నేర్చుకుని, పల్లెకు వచ్చి బోర్డు కట్టినవాళ్లు వీళ్లు. అటవీ మండలాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పది పదిహేను కిలోమీటర్ల దూరం, వాగు పొంగితే అదీ లేదు. ఆర్‌ఎంపీ మాత్రం సైకిల్ మీదో, తర్వాత మోటార్‌సైకిల్ మీదో గుమ్మం ముందుకే వస్తాడు, మిర్చి అమ్మాక డబ్బులివ్వమంటాడు. అతని గది సామాను అంతటా ఒక్కటే. ఒక బల్ల, గోడ మేకుకు వేలాడే సెలైన్ సీసా, స్టవ్ మీద మరిగే స్టీలు డబ్బాలో గాజు సిరంజీ, వాడి వాడి మొద్దుబారిన సూదులు. ప్లాస్టిక్ సిరంజీలు వచ్చాక డబ్బా పోయింది గానీ ట్రేలో మందులు మారలేదు: నొప్పికి డైక్లోఫెనాక్, జ్వరానికి జెంటామైసిన్, దేనికైనా డెక్సామెథసోన్, చివర్న ‘బలానికి’ ఎర్రటి బి12.

వీటిలో డెక్సామెథసోన్ కథ తెలుసుకోదగ్గది. అది స్టెరాయిడ్. వేసిన పూటకే జ్వరం దిగుతుంది, నొప్పి తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు. రోగి దృష్టిలో ఇంతకన్నా మంచి మందు లేదు. కానీ లోపలి జబ్బు అలాగే ఉంటుంది. మెదడుకెక్కిన మలేరియాకు డెక్సామెథసోన్ మేలు చేస్తుందని ఒకప్పుడు పెద్దాస్పత్రుల్లోనూ నమ్మేవారు. 1982లో థాయ్‌లాండ్‌లో వందమంది రోగుల మీద పద్ధతిగా పోల్చి చూస్తే ఆ మందు వేసినవాళ్లు కోమాలోంచి ఆలస్యంగా తేరుకున్నారని, ఇతర ఇబ్బందులూ ఎక్కువయ్యాయని తేలింది. పోల్చి చూడనంత కాలం ఆ హాని ఎవరి కంటా పడలేదు. మలేరియాకు పెట్టింది పేరైన భద్రాచలం ఏజెన్సీలో మాత్రం ఆ సూది ఆగలేదు. 2000ల తొలి ఏళ్లలో దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో ఏటా దాదాపు 300 కోట్ల ఇంజక్షన్లు వేస్తున్నారని, వాటిలో 63 శాతం దాకా ఏదో ఒక విధంగా సురక్షితం కాదని లెక్కతేలింది. అంత సూది అవసరం జబ్బులకు లేదు, అడిగేవాళ్లకూ వేసేవాళ్లకూ ఉంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇచ్చి ప్రథమ చికిత్సకు పరిమితం చేయాలన్న ప్రయత్నం జరిగింది. అది సగంలో ఆగింది.

పెప్టైడ్ అనదగ్గ మందు పల్లెలకు చేరింది మనుషుల కోసం కాదు, గేదెల కోసం. ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1953లో విన్సెంట్ డు విన్యో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి 1955లో నోబెల్ పొందాడు. ప్రసవం తర్వాత రక్తస్రావం ఆపడంలో దానికి సాటి మందులు తక్కువ. అయితే పొదుగులోని పాలను చేపించే గుణం కూడా దానిదే. దూడ చచ్చిన గేదె చేపకపోతే ఒక సూది వేయడం తెలుగు పల్లెల్లో పాత అలవాటైంది, లేబుల్ లేని సీసాల్లో చవకగా దొరికింది. 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీల తయారీని నిషేధించి, ఒక్క ప్రభుత్వ సంస్థకే అనుమతి ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. బాలింతల ప్రాణాలు నిలిపే మందుకు కరువొస్తే ఎలాగన్నది కోర్టు ముందున్న ప్రశ్న. ఒకే పదార్థం ఒకచోట ప్రాణదాత, మరోచోట దొంగసరుకు. తేడా అంతా ఎవరు, ఎవరికి, ఏ లెక్కతో వేస్తున్నారన్న దాంట్లోనే ఉంది.

ఈ చరిత్రలో పెద్ద అధ్యాయం 2009 జులై 9న మొదలైంది. అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టాయి. డబ్బు బిల్ అండ్ మెలిందా గేట్స్ ఫౌండేషన్‌ది. టీకా మెర్క్ కంపెనీ తయారుచేసిన గార్డసిల్. ఎంచుకున్న మండలాలు మూడు: గిరిజన ప్రాంతంగా భద్రాచలం, పట్టణంగా కొత్తగూడెం, పల్లెగా తిరుమలాయపాలెం. పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మంది, ఒక్కొక్కరికి ఆరు నెలల్లో మూడు డోసులు. గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకా సర్వారిక్స్‌తో ఇదే పని ఆగస్టులో మొదలైంది.

ఇక్కడ ఒక విషయం కచ్చితంగా చెప్పుకోవాలి. గార్డసిల్ అనుమతి లేని మందు కాదు. 2008లోనే దేశంలో లైసెన్సు వచ్చింది, అప్పటికే చాలా దేశాల్లో వాడుతున్నారు. పాథ్ వాదన కూడా అదే: ఇది ప్రయోగం కాదు, అనుమతి ఉన్న టీకాను ప్రభుత్వ యంత్రాంగం ద్వారా ఎలా అందించవచ్చో చూసే ప్రదర్శన ప్రాజెక్టు మాత్రమే. ఆ మాట వల్ల ఒక సౌకర్యం కలిగింది. క్లినికల్ ట్రయల్‌కు కావలసిన పట్టింపులు, అంటే బీమా, స్వతంత్ర పర్యవేక్షణ, ప్రతి దుష్ప్రభావాన్నీ రాసే పద్ధతి, అవసరం లేనట్టు కనిపించాయి.

టీకా వేయించుకున్న పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండేవాళ్లు. అమ్మానాన్నలు పోడు పొలాల్లోనో, వలస కూలికో పోయి ఉంటారు. సమ్మతి పత్రం మీద సంతకం ఎవరిది? తర్వాత విచారణ జరిపినవాళ్లు ఖమ్మానికి చెందిన 9,543 పత్రాలు పరిశీలిస్తే 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల, ప్రధానోపాధ్యాయుల సంతకాలు కనిపించాయి. వేలిముద్ర వేయడం తప్పేమీ కాదు. చదువు రానివాళ్ల హక్కు అది. కానీ చదివి వినిపించింది ఎవరో, పక్కన సాక్షి ఉన్నారో లేదో ఆ కాగితమే చెప్పాలి. వార్డెన్ సంగతి అంతకన్నా పెద్దది. పిల్లకు అన్నం పెట్టించే బాధ్యత అతనిది, హాజరు అతనిది. ఆ పిల్ల ఒంట్లోకి పోయే మందుకు తండ్రి బదులు ఒప్పుకునే అధికారం అతనికి ఏ చట్టమిచ్చింది? ప్రతి పది పత్రాల్లో దాదాపు మూడింటి మీద ఈ ప్రశ్న నిలబడి ఉంది.

2010 మార్చిలో ఢిల్లీకి చెందిన సమ అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వచ్చి హాస్టల్ పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. ఏ టీకా వేశారో, ఎందుకు వేశారో చాలామందికి తెలియదని బయటపెట్టింది. టీకా వేయించుకున్న పిల్లల్లో మరణాల వార్తలూ అప్పుడే వచ్చాయి. ఖమ్మంలో అయిదు, గుజరాత్‌లో రెండు. ఏప్రిల్‌లో కేంద్రం రెండు రాష్ట్రాల్లోనూ ప్రాజెక్టును ఆపేసి విచారణ సంఘాన్ని వేసింది.

ఆ సంఘం 2011లో ఇచ్చిన నివేదికలో ఏడు మరణాలకూ టీకాతో సంబంధం ఉన్నట్టు ఆధారం దొరకలేదు. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు తేలాయి. ఈ మాటను నమ్మడానికి గట్టి కారణమే ఉంది. పద్నాలుగు వేల మంది పిల్లలున్న ఏ ఏజెన్సీ ప్రాంతంలోనైనా టీకా వేసినా వేయకపోయినా ఏడాదిలో కొన్ని చావులు తప్పవు. టీకా తర్వాత జరిగిందంతా టీకా వల్ల జరిగింది కాదు. అయితే ‘తర్వాత’కూ ‘వల్ల’కూ మధ్య గీత గీయాలంటే మొదటి రోజు నుంచే పుస్తకం రాసి ఉండాలి: ఏ పిల్లకు ఏ రోజు వేశారు, వారానికి ఏమైంది, నెలకు ఏమైంది, టీకా వేయని పిల్లల్లో అదే కాలంలో ఏం జరిగింది. ఖమ్మంలో ఆ పుస్తకం సరిగా లేదు. అందుకే నిజం చెప్పిన నివేదిక కూడా అనుమానాన్ని పోగొట్టలేకపోయింది.

2013 ఆగస్టు 30న పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో పాథ్‌ను, వైద్య పరిశోధనా మండలిని, ఔషధ నియంత్రణ అధికారులను ఘాటుగా తప్పుపట్టింది. సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్లు కల్పనా మెహతా కేసుగా సాగి, పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు ఆధారంగా తీసుకోవచ్చా అన్న రాజ్యాంగ ప్రశ్న దగ్గర చాలాకాలం నిలిచాయి. 2018 మే 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీసుకోవచ్చని చెప్పింది. భద్రాచలం హాస్టల్ కాగితాల మీద మొదలైన తగాదా రాజ్యాంగ వ్యాఖ్యానంగా మారిపోయింది. సంతకం అడగని ఆ తల్లిదండ్రులకు దానివల్ల ఒరిగింది తక్కువ.

చట్టం మాత్రం కొంత కదిలింది. ప్రయోగాల్లో హాని జరిగితే పరిహారం ఇవ్వాలన్న నియమం 2013లో వచ్చింది. బలహీన వర్గాల నుంచి సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలన్న నియమమూ ఆ రోజుల్లోదే. 2019లో కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నియమావళి వీటన్నిటినీ ఒకచోట చేర్చింది. వీటి వెనుక ఇండోర్ ఆస్పత్రుల ప్రయోగాల మీద నడిచిన కేసు వంటివీ ఉన్నాయి, ఖమ్మం ఒక్కటే కాదు.

ఈ కథకు ఇంకో కొస ఉంది. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో దేశంలో హెచ్‌పీవీ టీకా అధ్యయనాలన్నీ ఆగిపోయాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నడుపుతున్న పెద్ద ట్రయల్ కూడా వాటిలో ఉంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి వేల మంది బాలికలను తీసుకున్న ఆ ట్రయల్ నడుమనే తెగిపోవడంతో దాదాపు 5 వేల మందికి ఒక్క డోసే పడింది. కావాలని చేసిన పని కాదది. కానీ పరిశోధకులు వాళ్లను వదలలేదు, పదేళ్ల పాటు వెంట ఉండి పరీక్షించారు. 2021లో వెలువడిన ఫలితం ప్రకారం ప్రధానమైన రెండు వైరస్ రకాలు ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు 95 శాతం దాకా కాపాడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు షెడ్యూలును ఆమోదించడానికి ఆధారాల్లో ఇదొకటి. ఒకే రోజుల్లో, ఒకే రకం టీకా. వెంట ఉండి చూసిన చోట ప్రపంచానికి పనికొచ్చే సత్యం పుట్టింది. చూడని చోట అపనమ్మకం పుట్టింది, టీకా దేశంలో పుష్కరానికి పైగా వెనకబడింది.

ఇప్పుడు పార్శిల్‌లో వస్తున్న సీసా ఈ వరసలో చివరిది. దొండపండంత గాజు సీసా, అడుగున తెల్లటి పొడి, పైన రబ్బరు మూత, ‘పరిశోధనకు మాత్రమే’ అన్న లేబుల్. నీళ్లు కలిపి ఇన్సులిన్ సిరంజీతో పొట్ట చర్మం కింద పొడుచుకోవాలి. పేర్లు సీజేసీ-1295, ఇపామొరెలిన్, జీహెచ్‌ఆర్‌పీ-6. కండ పెరుగుతుంది, కొవ్వు కరుగుతుంది, నిద్ర పడుతుంది, వయసు వెనక్కి పోతుంది అని ప్రచారం. ఇవి గ్రోత్ హార్మోన్ కావు, మెదడు కింద ఉన్న పీయూష గ్రంథిని తట్టి ఆ హార్మోన్‌ను విడుదల చేయించే పెప్టైడ్లు. సొంత ఒంట్లోని హార్మోనే కాబట్టి హాని లేదన్నది అమ్మేవాళ్ల మాట.

గ్రోత్ హార్మోన్ చరిత్రే ఆ మాటకు జవాబు. 1985 దాకా ఆ హార్మోన్‌ను శవాల పీయూష గ్రంథుల నుంచి తీసి పొట్టి పిల్లలకు వేసేవారు. కొన్ని సీసాల్లో క్రాయిట్స్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధికారకం కలిసి ఉందని ఆ ఏడాది బయటపడింది. మెదడును తినేసే ఆ జబ్బు సూది వేసిన పదేళ్లకు, ఇరవై ఏళ్లకు కూడా బయటపడి ప్రపంచంలో 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎవరెవరికి ఏ సీసా వేశారో ఆస్పత్రుల్లో రాసి ఉండబట్టే ఆ గొలుసు దొరికింది.

విడుదల చేయించే హార్మోన్ 1982లో దొరికింది, అదీ మనిషి ఎముకలు అతిగా పెరిగే జబ్బుకు కారణమైన ఒక క్లోమ గ్రంథి కణితిలోంచి. దాని ముక్కతో చేసిన సెర్మొరెలిన్‌కు అమెరికాలో పిల్లల చికిత్సకు 1997లో అనుమతి వచ్చింది. తయారీదారు 2008లో అమ్మకం ఆపేశాడు. టెసమొరెలిన్ 2010లో హెచ్‌ఐవీ రోగుల పొట్టలో పేరుకునే కొవ్వుకు మాత్రమే అనుమతి పొందింది. అంటే ఈ కుటుంబంలో నిజమైన మందులూ ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఇరుకైన పని. ఇపామొరెలిన్‌ను పేగు ఆపరేషన్ తర్వాత కోలుకునే రోగుల మీద పరీక్షించారు. చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. సీజేసీ-1295 ఒక్క డోసుతో ఆరోగ్యవంతుల్లో రోజుల తరబడి హార్మోన్ మోతాదు పెరిగిందని 2006లో ప్రచురించారు. అదే ఏడాది రెండో దశ ట్రయల్‌లో ఒక రోగి చనిపోవడంతో పరీక్ష ఆగింది. చికిత్స చేసిన డాక్టరు ఆ మరణం మందు వల్ల కాదన్నాడు, కానీ మందు అక్కడితో ముందుకు పోలేదు. అదే పని చేసే మాత్ర ఎంకే-677ను ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు రెండేళ్లు ఇస్తే కండ కిలో చిల్లర పెరిగింది, బలం పెరగలేదు, రక్తంలో చక్కెర పెరిగింది. తుంటి విరిగిన వృద్ధుల మీద జరిగిన మరో పరీక్షను గుండె వైఫల్యం సూచనలు కనిపించి మధ్యలోనే ఆపారు.

ఇవీ ఉన్న ఆధారాలు. జిమ్ములో పొడుచుకునే మోతాదుల్లో, రెండు మూడు రకాలు కలిపి, ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందని పద్ధతిగా చూసిన అధ్యయనం ఒక్కటీ లేదు. హార్మోన్ ఏళ్ల తరబడి ఎక్కువైతే చక్కెర వ్యాధి, గుండె కండరం మందం కావడం, కీళ్ల నొప్పులు వస్తాయని పీయూష గ్రంథి కణితి ఉన్న రోగుల ద్వారా వైద్యులకు తెలుసు. దాగి ఉన్న క్యాన్సర్‌కు ఎరువు వేసినట్టవుతుందన్న భయమూ ఉంది. ఇంకా నిరూపణ కాలేదు గానీ కొట్టిపారేయదగ్గది కాదు. ఇక సీసాలో లేబుల్ మీద రాసిందే ఉందా, ఎంత ఉంది, బ్యాక్టీరియా విషాలు కలిశాయా అన్నది చూసేవాడే లేడు. 2023లో అమెరికా ఔషధ సంస్థ ఇలాంటి పెప్టైడ్లలో చాలావాటిని భద్రత మీద గట్టి అనుమానాలున్న జాబితాలో పెట్టింది. క్రీడల్లో వీటి వాడకాన్ని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించింది. మన దేశంలో సీజేసీ-1295, ఇపామొరెలిన్ ఏ జబ్బుకూ అనుమతి పొందలేదు. ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసిన సీసాను మనుషుల మందుగా అమ్మడం 1940 నాటి ఔషధ చట్టానికి విరుద్ధం.

యాజ్ నాటి ఆరోగ్య కార్యకర్తకు రిజిస్టరు ఉండేది. ఆర్‌ఎంపీకి కనీసం ఊరు తెలుసు, ఊరికి అతను తెలుసు. 2009లో లోపాలతోనైనా 9,543 కాగితాలు మిగిలాయి, వాటిని లెక్కపెట్టబట్టే తప్పు దొరికింది. పెప్టైడ్ సీసా విషయంలో వేసేదీ వేయించుకునేదీ ఒక్కరే. కాగితం లేదు, సాక్షి లేదు, బ్యాచ్ నంబరుకు వెనుక చిరునామా లేదు. కాలు వాచినా, చక్కెర పెరిగినా అది ఎవరి లెక్కలోకీ ఎక్కదు.

ఖమ్మం ప్రాజెక్టు ఆగిన మూడు నెలలకు, 2010 జులైలో, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మొదలైంది. దాన్ని ఘజియాబాద్‌లోని భారత ఔషధ సంహిత కమిషన్ నడుపుతోంది. డాక్టరే కాదు, రోగి గానీ ఇంటివాళ్లు గానీ 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు. సూది ఎవరు వేసినా, సీసా ఎక్కడి నుంచి వచ్చినా, ఇబ్బంది వస్తే సీసాను పారేయకుండా దాచి, దాన్ని డాక్టరుకు చూపించాలి.